మేనార్డ్ ఫెర్గూసన్: పైకి ఊదడం ఒక్కటేనా? (బిగ్ బ్యాండ్ ట్రంపెట్ చర్చ)

కొలిమిగాలి

బిగ్ బ్యాండ్లు, అంటే ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సోఫోన్లతో పెద్ద జాజ్ బృందాలు, నడిపిన బేసీ మీదా, ఎల్లింగ్టన్ మీదా ఇక్కడ బోలెడు చర్చలున్నాయి. ట్రంపెటర్ మేనార్డ్ ఫెర్గూసన్ పేరెత్తితే మాత్రం "ఓ, పై స్వరాలు ఊదేవాడా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఇరవయ్యేళ్ళ వయసులో, 1948లో అమెరికా చేరినవాడు 2006లో చనిపోయేదాకా, మధ్యలో కొద్ది కాలం మినహా, ట్రంపెట్ మీదే బతికాడు. ఎక్కువ భాగం సొంత బ్యాండుతో రోడ్డు మీదే గడిపాడు. బిగ్ బ్యాండ్ల పని అయిపోయిందని అందరూ చేతులు దులుపుకున్న ఏళ్ళు కూడా అందులోనే ఉన్నాయి. ఊపిరి బలం ఒక్కటే చాలితే ఆ రోజుల్లో పైకి ఊదినవాళ్ళందరూ అలా నిలబడాలిగా? అతని బతుకు, పని, ఊదే పద్ధతి, రిషి వ్యాలీ, పుట్టపర్తి సంగతులు తెలిసినవాళ్ళు రాయండి. పొగడ్తలొద్దు, వివరం కావాలి.

ఎల్పీపెట్టె

మొదలు నేను పెడతాను. పుట్టింది 1928 మే 4న, కెనడాలోని వెర్డన్‌లో. ఇప్పుడది మాంట్రియల్‌లో కలిసిపోయింది. తండ్రి బడి ప్రిన్సిపాల్, తల్లి వయొలిన్ వాయించేది. నాలుగేళ్ళకే పియానో, వయొలిన్ చేతికిచ్చారు. తొమ్మిదేళ్ళప్పుడు చర్చిలో కార్నెట్ (ట్రంపెట్ లాంటి పొట్టి వాయిద్యం) విని, నాకదే కావాలన్నాడు. పదమూడేళ్ళకు కెనడా ప్రసార సంస్థ సీబీసీ రేడియో ఆర్కెస్ట్రాతో సోలో వాయించాడు. పదిహేనో ఏట హైస్కూలు మానేశాడు. పగలు మాంట్రియల్ కన్సర్వేటరీలో బెర్నార్డ్ బేకర్ దగ్గర శాస్త్రీయ శిక్షణ, రాత్రి డాన్సు బ్యాండ్లు. ఆ బ్యాండ్లలో సోదరుడు పెర్సీ బారిటోన్ సాక్స్ (కింది స్వరాల సాక్సోఫోన్) వాయించేవాడు.

అమెరికా వచ్చింది బ్యాండ్ లీడర్ స్టాన్ కెంటన్ దగ్గర చేరాలని. తీరా వస్తే కెంటన్ బ్యాండు ఆగిపోయింది. అందుకని బాయిడ్ రేబర్న్, జిమ్మీ డోర్సీ, చార్లీ బార్నెట్ బ్యాండ్లలో తిరిగాడు. బార్నెట్ బ్యాండుతో 1949లో 'ఆల్ ద థింగ్స్ యూ ఆర్' రికార్డు చేస్తే, ఆ ట్రంపెట్ వీరంగం విని స్వరకర్త జెరోమ్ కెర్న్ భార్య మండిపడింది. కంపెనీ రికార్డును బజారులోంచి వెనక్కి తీసుకుంది. 1950 జనవరిలో కెంటన్ 'ఇన్నొవేషన్స్' ఆర్కెస్ట్రా కట్టాడు. తీగ వాద్యాలతో కలిపి దాదాపు నలభై మంది. ఫెర్గూసన్ మొదటి నుంచీ అందులో ఉన్నాడు. షార్టీ రోజర్స్ అతని కోసం ఒక రచన చేసి, దానికి అతని పేరే పెట్టాడు. జాజ్ పత్రిక డౌన్‌బీట్ పాఠకుల ఎన్నికలో 1950, 51, 52 మూడేళ్ళూ మొదటి ట్రంపెటర్ అతనే.

సన్నాయినొక్కులు

పాఠకుల ఎన్నిక సరే. నలభై మందిలో ఒకడు తారస్థాయి దాటి అరుస్తుంటే వేరే ఎవరు వినిపిస్తారులెండి! అసలు బ్యాండును నడిపించే లీడ్ ట్రంపెట్ అతనేనా అన్నది తేల్చండి ముందు.

నాలుగోకుర్చీ

కాదు, అక్కడే చాలామంది పొరబడతారు. కెంటన్ ఇన్నొవేషన్స్‌లో ట్రంపెట్లు ఐదు: బడ్డీ చైల్డర్స్, ఫెర్గూసన్, షార్టీ రోజర్స్, చీకో అల్వారెజ్, డాన్ పాలడీనో. లీడ్ పని ప్రధానంగా చైల్డర్స్‌ది. లీడ్ వేరు, పైన ఎగిరే సోలో వేరు.

లీడ్ కుర్చీలో ఉన్నవాడు పదబంధం ఎక్కడ మొదలై ఎక్కడ తెగాలో నిర్ణయిస్తాడు. రెండు బీట్ల నోటు అని కాగితం మీద ఉంటే దాన్ని మూడో బీటు పడే క్షణంలో కోయాలా, కొంచెం ముందే కోయాలా, చివర్లో కిందికి జారవిడవాలా అన్నది అతను చేసి చూపిస్తాడు, మిగతా నలుగురూ అచ్చం అలాగే చెయ్యాలి. ట్రాంబోన్లు, సాక్సులు కూడా చెవి అటే వేస్తాయి. రెండో కుర్చీకి లీడ్ పక్కనే ఉండి భారం పంచుకునే పని. మధ్య కుర్చీల్లో ఒకటి సాధారణంగా జాజ్ సోలోలది. నాలుగు, ఐదు కింది స్వరాలవి.

సెక్షన్, అంటే ఒకే వాయిద్యం వాళ్ళ జట్టు, చెడేది ఎక్కువగా కింది నుంచే. నాలుగో ట్రంపెట్ "నాది చిన్న పార్టేగా" అని మెల్లగా ఊదితే కార్డ్‌కు, అంటే కలిపి పలికే స్వరాల గుంపుకు, అడుగు పోతుంది, లీడ్ ఒంటరై ఇంకా గట్టిగా ఊదుతాడు, అరగంటలో పెదవి పోతుంది. కిందివాళ్ళు నిండుగా ఊదితే లీడ్ హాయిగా పైన తేలతాడు. ఇంకో జబ్బు షేక్. ఒక స్వరం నుంచి పక్క మెట్టుకు పెదవితో ఊపడం. లీడ్ ఎంత వెడల్పు, ఎంత వేగం ఊపుతున్నాడో చూడకుండా తలా ఒక వేగంలో ఊపితే అది కార్డ్ కాదు, గోల.

ఫెర్గూసన్ సొంత బ్యాండులోనూ ఇదే అమరిక. లీడ్‌కి వేరే మనిషి ఉండేవాడు. 1958 ప్రాంతంలో బిల్ చేజ్, డెబ్భైల్లో స్టాన్ మార్క్, లిన్ నికల్సన్ లాంటివాళ్ళు. మేనార్డ్ ముందు నిలబడి సోలో ఊదుతాడు, ఊపు వచ్చినప్పుడు సెక్షన్ పైన ఇంకో అంతస్తు వేస్తాడు. చేజ్ తర్వాత 1970లో నాలుగు ట్రంపెట్లు ముందు పెట్టి తన పేరుతోనే రాక్ బ్యాండు కట్టాడు. 1974 ఆగస్టులో మినెసోటాలో విమాన ప్రమాదంలో పోయాడు.

ఎల్పీపెట్టె

కెంటన్ తర్వాతి మూడేళ్ళను అభిమానులు దాటేస్తారు, కానీ మనిషి గట్టితనం తెలిసేది అక్కడే. 1953లో కెంటన్‌ను వదిలి హాలీవుడ్‌లో పారమౌంట్ స్టూడియో ట్రంపెటర్‌గా కుదిరాడు. 46 సినిమాల నేపథ్య సంగీతంలో వాయించాడు. ఎల్మర్ బెర్న్‌స్టీన్ సంగీతం చేసిన 'ద టెన్ కమాండ్‌మెంట్స్' వాటిలో ఒకటి. స్టూడియో ట్రంపెటర్ అంటే అంతకు ముందు చూడని కాగితాన్ని తెర ముందు మొదటిసారి చదువుతూనే తప్పు లేకుండా వాయించాలి, మెత్తగా కూడా వాయించాలి. అరుపు ఒక్కటే వచ్చినవాడు ఆ ఉద్యోగంలో వారం నిలబడడు. డబ్బు బాగుంది, జాజ్‌కి మాత్రం ఒప్పందం అడ్డం. దొంగచాటుగా ఇతరుల రికార్డుల్లో 'టైగర్ బ్రౌన్' వంటి మారుపేర్లతో వాయించాడు. 1956లో బయటపడ్డాడు.

అదే ఏడాది న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్ క్లబ్బు యజమాని మోరిస్ లెవీ అతని ముందు ఒక 'డ్రీమ్ బ్యాండ్' పెట్టాడు. రచనలు చేసినవాళ్ళు ఆల్ కోన్, బాబ్ బ్రూక్‌మేయర్, జిమ్మీ జఫ్రీ, బిల్ హోల్మన్, జానీ మాండెల్, ఎర్నీ విల్కిన్స్. అంతమంది ఒక్క బ్యాండుకు రాయడం అరుదు. దాని మీదే 1957 నుంచి సొంత బ్యాండు నిలబడింది. 1958 నాటి 'ఎ మెసేజ్ ఫ్రమ్ న్యూపోర్ట్' వినండి. అతని రికార్డు ఒక్కటే కొనగలిగితే అది కొనమంటాను.

డాలస్_సాక్స్

ఆ బ్యాండుకు పదమూడు మందే ఎందుకన్నది ఎవరూ అడగట్లేదు. మెసేజ్ ఫ్రమ్ న్యూపోర్ట్‌లో మేనార్డ్‌తో కలిపి ట్రంపెట్లు నాలుగు, ట్రాంబోన్లు రెండు, సాక్సులు నాలుగు (ఆల్టో ఒకటి, టెనర్లు రెండు, బారిటోన్ ఒకటి), పియానో, బేస్, డ్రమ్స్. కెంటన్ మామూలు బ్యాండు పంతొమ్మిది. ఇన్నొవేషన్స్ పర్యటనలు కెంటన్‌కు భారీ నష్టం తెచ్చాయి, ఆ లెక్కలు ఫెర్గూసన్ లోపలి నుంచే చూశాడు. ఆరుగురు తగ్గితే ఆరు జీతాలు, ఆరు హోటల్ పడకలు, బస్సులో ఆరు సీట్లు తగ్గినట్టే. చిన్న క్లబ్బు వేదిక మీద కూడా పడతారు.

తగ్గించడంలో చిక్కు రాతలో ఉంటుంది. రెండే ట్రాంబోన్లుంటే నాలుగు స్వరాల కార్డ్ ట్రాంబోన్లకు ఇవ్వలేం. కార్డ్ రుచిని తేల్చే రెండు స్వరాలు, అంటే మూడోదీ ఏడోదీ, ట్రాంబోన్లకిచ్చి, కింది షడ్జం బారిటోన్ సాక్స్‌కి వదలాలి. టెనర్లలో ఒకటి అవసరాన్ని బట్టి ట్రాంబోన్ల వైపు జరుగుతుంది. పైన నాలుగు ట్రంపెట్లు దగ్గర దగ్గరగా. అలా రాస్తే పదమూడు మంది పద్దెనిమిది మందిలా వినిపిస్తారు. సరిగా రాయకపోతే మధ్యలో బోలు. ట్రాంబోన్ వాయిస్తూనే రాసిన స్లైడ్ హాంప్టన్, డాన్ సెబెస్కీ, టెనర్‌లో కూర్చున్న విల్లీ మెయిడెన్ ఈ కిటుకు తెలిసినవాళ్ళు. పాటను వాద్యాలకు పంచి రాసే బయటి అరేంజర్‌కు రాయించే డబ్బూ మిగిలింది.

1959లో వియన్నా నుంచి వచ్చిన జో జావినుల్ కొద్దికాలం ఇక్కడ పియానో వాయించాడు, వేన్ షార్టర్ టెనర్. పదకొండేళ్ళ తర్వాత వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బృందం కట్టిన ఇద్దరూ కలిసింది ఈ బ్యాండులోనే. జావినుల్ తర్వాత 'బర్డ్‌లాండ్' అని రాసిన రచనను ఫెర్గూసన్ 1978లో 'కార్నివాల్' రికార్డులో వాయించాడు.

సన్నాయినొక్కులు

బ్యాండు నడిపే తెలివి ఉందని ఒప్పుకుంటా. ఇప్పుడు ఆ పైస్వరాల సంగతి. ఎంత పైకి? మన శ్రుతిలో చెప్పండి, హెర్ట్‌జులు వద్దు.

ఆరున్నరశ్రుతి

రెండూ చెప్తాను, ఒకటి లేకుండా ఇంకొకటి అర్థం కాదు. ట్రంపెట్ బి-ఫ్లాట్ వాయిద్యం. కాగితం మీద 'సి' ఊదితే వినిపించేది బి-ఫ్లాట్, అంటే ఆరున్నర శ్రుతి షడ్జం. వాల్వులేవీ నొక్కకుండా పెదవులతోనే పలికే స్వరాలు కొన్ని మెట్లుగా ఉంటాయి. రెండో మెట్టు కింది సి, 233 హెర్ట్‌జ్. నాలుగో మెట్టు దాని పైషడ్జం, 466. ఎనిమిదో మెట్టు 'హై సి', 932. పదహారోది 'డబుల్ హై సి', 1865. కింది సిని మధ్యస్థాయి షడ్జం అనుకుంటే, నాలుగో మెట్టు తార షడ్జం, ఎనిమిది అతితారం, పదహారు దాని పైన ఇంకో స్థాయి. ఫెర్గూసన్ అక్కడ ఒక్క స్వరం గుచ్చి దిగిపోలేదు, ఆ ప్రాంతంలో రాగాలాపన చేసినట్టు తిరిగాడు. అతని ప్రత్యేకత అదీ.

కష్టం ఎందుకంటే, రెండో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య ఒక్క మెట్టే ఉంది, ఎనిమిదికీ పదహారుకీ మధ్య ఏడు ఉన్నాయి. పెదవి వెంట్రుకవాసి తప్పితే పక్క మెట్టు మీద పడతాం. పైగా ట్రంపెట్ బెల్ (ముందరి గరాటు మూతి) సుమారు 1500 హెర్ట్‌జ్ వరకే ధ్వనిని గట్టిగా లోపలికి తిప్పిపంపి పెదవుల కంపనానికి ఆసరా ఇస్తుంది. ఆ పైన ధ్వని చాలావరకు బయటికే పోతుంది, వాయిద్యం తోడు రాదు. అంటే హై సి పైన ఉండే 'ఎ' దగ్గర్నుంచి దాదాపు పెదవులూ గాలీ మాత్రమే. కొత్తవాళ్ళు ఆ ఆసరా లేని చోట మౌత్‌పీస్‌ను మూతికేసి నొక్కి సాధించాలనుకుంటారు. నొక్కితే పెదవిలో రక్తం ఆడదు, కంపించే కండ మొద్దుబారుతుంది, ఐదు నిమిషాల్లో హై సి కూడా రాదు.

కొలిమిగాలి

మరి నొక్కకుండా ఎలా?

ఆరున్నరశ్రుతి

పై స్వరానికి కావాల్సింది గాలి పరిమాణం కాదు, వేగం. నాలుక మధ్యభాగం పైకి లేస్తే నోటిలో దారి ఇరుకై గాలి వేగం పెరుగుతుంది. 'ఆ' అంటూ కింది స్వరం, 'ఊ' అంటూ మధ్య స్వరం, 'ఈ' అంటూ పై స్వరం ఊదమనడం అందుకే. పెదవుల మూలలు బిగువుగా ఉండాలి, మధ్యభాగం మెత్తగా. నవ్వినట్టు మూలలు వెనక్కి లాగితే పెదవి పల్చబడి స్వరం గీరుకుపోతుంది. పాత పద్ధతిలో ఇలాగే నేర్పేవారు, చాలామంది నోరు పాడైంది అక్కడే.

రోజువారీ పని ఇలా పెట్టుకోవచ్చు. మౌత్‌పీస్ ఒక్కదానితో రెండు మూడు నిమిషాలు బజ్, అంటే పెదవులను ఝుమ్మనిపించడం. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, ఎనిమిది లెక్కల పొడవు స్వరాలు, వీలైనంత మెల్లగా. ఆ తర్వాత వాల్వు మార్చకుండా మెట్ల మధ్య జారుళ్ళు, ఒకే ఊపిరిలో. చివర్లోనే పైకి, రోజుకు ఒక అర స్వరం కాదు, వారాలకు ఒక అర స్వరం. ఊదినంత సేపు విశ్రాంతి. పదిహేను నిమిషాలు ఊదితే పదిహేను నిమిషాలు వాయిద్యం కింద పెట్టాలి. మెల్లగా ఊదలేని స్వరం మీకు ఇంకా రాలేదని లెక్క. పెదవి మీద మౌత్‌పీస్ ముద్ర గంటల తరబడి పోకపోయినా, మర్నాడు వాపు ఉన్నా, ఆ రోజు కింది స్వరాలతో సరిపెట్టండి. 1935లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడే పెదవి దెబ్బతిని నెలల పాటు ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది.

మూడోవాల్వు

ఫెర్గూసన్ యోగా చేసేవాడని, ప్రాణాయామం వల్లే ఆ బలమని అంటారు కదా అన్నా. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, సాధన చేస్తే పై స్వరాలు వస్తాయా?

ఆరున్నరశ్రుతి

సాధనగా కుంభకం మీ ఇష్టం తమ్ముడూ, ట్రంపెట్ మూతికి ఆనించాక మాత్రం అది విషం. ఫెర్గూసన్ తన క్లినిక్కుల్లో (పిల్లలకు వాయిద్యం నేర్పే శిక్షణ సభల్లో) చూపించింది పూరకం, అంటే ఊపిరి పీల్చడం: ముందు పొట్ట అడుగు నిండాలి, తర్వాత పక్కటెముకలు విచ్చుకోవాలి, చివర్న రొమ్ము పైభాగం. మూడూ ఒకే అలగా. బాబీ ష్యూ లాంటి లీడ్ ట్రంపెటర్లు ఇదే యోగ శ్వాసను ఊళ్ళు తిరిగి నేర్పారు. నిండగానే ఆగకుండా రేచకంలోకి, అంటే ఊపిరి వదలడంలోకి, మళ్ళాలి. ఊపిరి బిగబట్టి, గొంతు మూసి, తర్వాత 'టా' అని కొడితే మొదటి క్షణం గాలి రాదు, స్వరం పగులుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. పైన గట్టిగా ఊదుతున్నప్పుడు రొమ్ములో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. కళ్ళు బైర్లు కమ్మడం, నిలబడ్డవాడు పడిపోవడం జరుగుతాయి. ఊపిరి బిగబడితే ఇది రెట్టింపు. రెండు బీట్ల పై స్వరం కోసం నిండా గాలి నింపుకోవడమూ తప్పే. అవసరమైనంతే పీల్చండి, మిగిలిన గాలి లోపల ఇరుక్కుని మెడ బిగిసిపోతుంది. కొత్తగా పైకి ప్రయత్నించేవాళ్ళు కూర్చుని చెయ్యడం మేలు.

మదనపల్లె_మలుపు

రిషి వ్యాలీ సంగతి నేను చెబుతా. ఇంగ్లీషు వ్యాసాల్లో "మద్రాసు దగ్గర ఒక బడి" అని రాసేస్తారు. మద్రాసు ఎక్కడ, మా మదనపల్లె ఎక్కడ! దాదాపు 250 కిలోమీటర్లు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు మదనపల్లె, ఆయన బడి రిషి వ్యాలీ ఊరికి దగ్గర్లోనే, అప్పటి చిత్తూరు జిల్లాలో.

ఫెర్గూసన్ కుటుంబం 1963లో న్యూయార్క్ రాష్ట్రంలోని మిల్‌బ్రూక్‌లో ఎల్‌ఎస్‌డీ ప్రచారకుడు తిమోతీ లియరీ బృందం ఉండే ఎస్టేటుకు మారింది. అటు రాక్ సంగీతం వచ్చి క్లబ్బులు చితికాయి, పదమూడు మందిని మోయడం కుదరక బ్యాండు 1960ల నడిమికి చిన్నదై ఆగింది. ఆ తర్వాత కుటుంబంతో ఇండియా వచ్చి రిషి వ్యాలీలో సంగీతం నేర్పాడు. 1969 నాటికి ఇంగ్లండులో ఉన్నాడు. అంటే అమెరికాలో పేరున్న బ్యాండ్ లీడర్ నలభయ్యో పడి అంచున, చేతిలో బ్యాండు లేకుండా, రాయలసీమ బడిలో పిల్లలకు పాఠం చెప్పాడు.

పుట్టపర్తి బంధం అంతకంటే పొడవు. సత్యసాయి బాబాను గురువుగా భావించాడు. అక్కడి విద్యాసంస్థ కుర్రాళ్ళ బ్రాస్ బ్యాండుకు ఏళ్ళ తరబడి వచ్చి నేర్పాడు. 'దీజ్ క్యాట్స్ కెన్ స్వింగ్' రికార్డులో 'స్వీట్ బాబా సూట్' అన్నది ఆ భక్తే. దాని ఉపశీర్షికలో భైరవ్ రాగం పేరు ఉంది.

సన్నాయినొక్కులు

భైరవ్ అంటే మన మాయామాళవగౌళ మేళమే, సరళీస్వరాలు ఇక్కడే మొదలవుతాయి. అయ్యో పాపం, అరుపుల ఆసామి అనుకున్నానే. ఇంకేమైనా రాగాలున్నాయా?

ఎల్పీపెట్టె

ఉంది, ఇంకా ముందరిది. ఇంగ్లండు వెళ్ళగానే 1970లో తీసిన 'ఎం.ఎఫ్. హార్న్' రికార్డులో ఒక పాట పేరు 'చల నాట'. 36వ మేళకర్త పేరు. అదే రికార్డులో 'మెకార్తర్ పార్క్' కూడా ఉంది, ఏడ్రియన్ డ్రోవర్ అరేంజ్‌మెంట్. జనం దాని కోసం కొన్నారు, పక్కనే చలనాట ఇంటికొచ్చింది.

ఆరున్నరశ్రుతి

చలనాట మేళాన్ని ట్రంపెట్ మీద ప్రయత్నించండి, వేళ్ళకు సుఖం. షడ్జం రాతలో సి అనుకుంటే: షడ్జం వాల్వు ఏమీ లేదు, షట్శ్రుతి రిషభం 2-3, అంతర గాంధారం 1-2, శుద్ధ మధ్యమం 1, పంచమం ఏమీ లేదు, షట్శ్రుతి ధైవతం 1, కాకలి నిషాదం 2, పై షడ్జం ఏమీ లేదు. ట్రంపెట్‌లో శ్రుతి తప్పే రెండు స్వరాలు కింది డి (1-3), డి-ఫ్లాట్ (1-2-3). రెండూ ఎక్కువ పలుకుతాయి, మూడో స్లైడు బయటికి తోసి సరిచెయ్యాలి. చలనాటకు శుద్ధ రిషభం, చతుశ్రుతి రిషభం రెండూ లేవు గనక ఆ బాధ తప్పింది. మంద్ర పంచమానికి దిగితే మాత్రం 1-3 వస్తుంది, అక్కడ స్లైడు మరవద్దు.

ఇంకో సంగతి. తార గాంధారం వాల్వు లేకుండా ఐదో మెట్టు మీద పలికితే పియానో కంటే 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో వందో వంతు) తక్కువ ఉంటుంది. పియానోతో వాయిస్తే అది తప్పు, పెదవితో ఎత్తాలి. తంబురా ముందు వాయిస్తే అదే సరైన స్వయంభూ గాంధారం, ముట్టుకోకండి.

డాలస్_సాక్స్

ఇంగ్లండులో అతను దిగిన మాంచెస్టర్ నుంచి తర్వాతి కథ డబ్బు కథ. బ్రిటిష్ వాయిద్యకారులతో బ్యాండు కట్టి, రికార్డు కంపెనీ సీబీఎస్ కోసం పిల్లలకు తెలిసిన పాప్, రాక్ పాటలను బిగ్ బ్యాండుకు మార్చాడు. 1973లో అమెరికా తిరిగొచ్చాడు. 1977లో 'కాంక్విస్టడార్' ఆల్బమ్ వచ్చింది, 'రాకీ' సినిమా పాట 'గొన్నా ఫ్లై నౌ' బిల్‌బోర్డ్ హాట్ 100లో 28వ స్థానానికి ఎక్కింది. బిగ్ బ్యాండ్ ట్రంపెటర్‌కు 1977లో అది వింతే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ముగింపులో జ్యోతి ఆరుతుంటే సోలో ఊదింది కూడా ఇతనే.

విమర్శకులు దుమ్మెత్తి పోశారు. స్టూడియోలో బాబ్ జేమ్స్ పర్యవేక్షణలో బయటి సెషన్ కళాకారులు, తీగ వాద్యాలు, కోరస్ నిండిపోయి, రోడ్డు మీద రోజూ వాయించే బ్యాండు రికార్డులో మరుగున పడిందన్నది అందులో న్యాయమైన మాట. నా లెక్కలో డెబ్భైల చివరి స్టూడియో రికార్డులు సగం వదిలేయొచ్చు. కచేరీలో ఉన్న బ్యాండు వేరు. 1973 నాటి 'లైవ్ ఎట్ జిమ్మీస్' వినండి.

కానీ అతన్ని నిలబెట్టింది హిట్టు కూడా కాదు, బడులు. పగలు హైస్కూల్లో క్లినిక్, రాత్రి అదే బడి జిమ్‌లోనో ఆడిటోరియంలోనో కచేరీ. టిక్కెట్లు బడి బ్యాండు పిల్లలే అమ్ముతారు. సినాత్రా టీవీలో కనబడేవాడు, మేనార్డ్ మాత్రం మీ ఊరి బడికే వచ్చేవాడు. అతని అరేంజ్‌మెంట్లు పిల్లల స్థాయికి తగ్గించి అచ్చు వేశారు, బడి బ్యాండ్లు కొని వాయించాయి. ఆ పిల్లల్లోంచి, బర్క్లీ, నార్త్ టెక్సస్ లాంటి కాలేజీల్లోంచి తన బ్యాండుకు కుర్రాళ్ళను తీసుకునేవాడు. కుర్రాళ్ళకు జీతం తక్కువైనా అనుభవం కోసం వస్తారు, రెండేళ్ళలో వెళ్ళిపోతారు, కొత్తవాళ్ళు వస్తారు. క్లబ్బులు మూతపడ్డ దేశంలో బిగ్ బ్యాండు బస్సు తిరగడానికి దారి అదొక్కటే. ఎనభైల్లో 'హై వోల్టేజ్' అని చిన్న ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిపిన) బృందం పెట్టి, చివరికి 'బిగ్ బాప్ నూవో' పేరుతో మళ్ళీ జాజ్‌కే వచ్చాడు. 2006 జులైలో కూడా రికార్డు చేశాడు. ఆగస్టు 23న కాలిఫోర్నియాలోని వెంచురాలో, మూత్రపిండాలు, కాలేయం పనిచేయక పోయాడు. 78 ఏళ్ళు.

మూడోవాల్వు

అతను వాడిన వాయిద్యం, మౌత్‌పీస్ ఏవి? జెట్-టోన్ అని విన్నా. అది కొంటే పైకి వెళ్ళడం తేలికేనా?

ఇత్తడిడాక్టరు

ట్రంపెట్ హోల్టన్ కంపెనీ 'ఎం.ఎఫ్. హార్న్', బోరు (గొట్టం లోపలి వ్యాసం) 0.468 అంగుళాలు. మామూలుగా దొరికే మీడియం లార్జ్ 0.459. అంటే పైకి ఊదేవాడు సన్న గొట్టం వాడాలన్న మాటకు అతనే ఎదురు. పెద్ద బోరును నింపే గాలి అతనికుంది. తర్వాతి రోజుల్లో మోనెట్ వాయిద్యాలు. హోల్టనే అతని కోసం సూపర్‌బోన్ చేసింది: ట్రాంబోన్‌కు స్లైడు, మూడు వాల్వులు రెండూ ఉంటాయి, వాల్వులు ఎడమ చేత్తో నొక్కాలి.

జెట్-టోన్ మౌత్‌పీస్ లోతు తక్కువ. పెదవి లావుగా ఉన్నవాళ్ళకు, ఇంకా నొక్కే అలవాటు పోనివాళ్ళకు పెదవి కప్పు అడుగుకు తగిలి శబ్దం టక్కున ఆగిపోతుంది. అది స్వరం రాకపోవడం కాదు, కంపించే చోటే లేకపోవడం. బాక్ 7సి మీద మొదలుపెట్టి, రెండేళ్ళకు 3సి ప్రయత్నించి, హై సి మెల్లగా నిలకడగా వచ్చాకే షిల్కీ 14ఎ4ఎ లాంటి లీడ్ మౌత్‌పీస్ చూడు. లీడ్ మౌత్‌పీస్ స్వరానికి మెరుపు తెస్తుంది, ఓపిక కొంత పెంచుతుంది, లేని స్వరాన్ని తెచ్చిపెట్టదు.

మన దగ్గర బ్యాండు మేళాల్లో ఎక్కువగా ఉండేవి మీరట్ జాలీ కోఠీలో చేసినవి. కొనేముందు ఒక పరీక్ష: ఒక్కో వాల్వు స్లైడును, ఆ వాల్వు నొక్కకుండా బయటికి లాగి, తర్వాత వాల్వు నొక్కు. 'టప్' అని గాలి చప్పుడు రావాలి. రాకపోతే ఆ స్లైడో, పిస్టనో గాలి కారుస్తోంది. కారే వాయిద్యంతో పై స్వరాలు నేర్చుకోవడం పెదవి పాడుచేసుకోవడమే. పిస్టన్లకు వాల్వ్ ఆయిల్ రోజూ రెండు మూడు చుక్కలు, కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకట్టి పిస్టన్ లేవదు. స్లైడులకు గ్రీజు. నెలకోసారి గోరువెచ్చని నీళ్ళలో కొంచెం డిష్ సబ్బు వేసి కడుగు, వేడినీళ్ళు వద్దు, లాకర్ (ఇత్తడి మీది మెరుపు పూత) పోతుంది. మౌత్‌పీస్ ఇరుక్కుంటే పటకారు పెట్టకు, లీడ్ పైపు (మౌత్‌పీస్ దూరే గొట్టం) మెలితిరుగుతుంది. దానికి పుల్లర్ ఉంటుంది, రిపేరు చేసే ఎవరి దగ్గరైనా.

మూడోవాల్వు

మూడో స్లైడు కదలట్లేదు డాక్టరు గారూ, డి, డి-ఫ్లాట్ ఎక్కువగానే పలుకుతున్నాయి.

ఇత్తడిడాక్టరు

కీలు నూనె అతుకు మీద రాత్రి వేసి ఉంచు. పొద్దున రింగులో పాత కండువా దూర్చి, రెండు కొసలూ పిడికిట్లో పట్టుకుని, గొట్టం వరుసలోనే ఒక్క కుదుపు ఇవ్వు. మూడో వాల్వు నొక్కి ఉంచాలి, లేకపోతే లోపల శూన్యం వెనక్కి లాగుతుంది. రెండుసార్లకు రాకపోతే ఆపు, మంట పెట్టకు, షాపుకు పంపు.